దమ్ము లెక్క: కింగ్‌డమ్ కమ్‌లో ఆట చెప్పని సంగతులు

నా షాపు నోట్‌బుక్‌ను వెనక నుంచి తెరిస్తే మొదటి పేజీలో మూడే ముక్కలు ఉంటాయి. "ఆరు దెబ్బలు ఆగకుండా కొడితే ఖాళీ. ఆగితే నిండుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు తగిలిందంతా రక్తమే." ముందు నుంచి తెరిస్తే మాత్రం అది బోరు మోటార్ల లెక్కల పుస్తకం. ఏ ఊరి మోటారు, ఎన్ని హెచ్‌పీ, ఏ గేజ్ వైరు, స్లాటుకు ఎన్ని చుట్లు, ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఇవన్నీ ఉంటాయి. నాకు నల్లగొండలో మోటార్ వైండింగ్ షాపు ఉంది, వెనక గదుల్లోనే మేము ఉంటాం. ఎండాకాలమంతా కాలిపోయిన మోటార్లు ట్రాలీ ఆటోల్లో వచ్చి దిగుతూనే ఉంటాయి, వానలు పడ్డాక పని పలచబడుతుంది. పోయిన వానాకాలం అలా పని లేని రోజుల్లో మా బామ్మర్ది హైదరాబాద్ నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. "బావ, నీకు విప్పి చూసుడంటే ఇష్టం గద, ఈ గేమ్ ఆడు. దీంట్ల అసలు సంగతంతా లోపల్నే ఉంటది, పైకి ఏం కనవడది" అని కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ పెట్టిచ్చాడు. సెలవులు అయ్యాక పోతూ ల్యాప్‌టాప్ నా దగ్గరే వదిలేసి పోయాడు, దానికి వాడికి నేను చాలా రుణపడి ఉన్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఇది 2018 ఫిబ్రవరిలో వచ్చిన ఆట, చెక్ దేశంలో ప్రాగ్ నగరంలో ఉండే వార్‌హార్స్ స్టూడియోస్ చేసింది. కథ 1403లో బొహీమియాలో జరుగుతుంది, అంటే ఇప్పటి చెక్ నేల మీదే. అక్కడి రాజు నాలుగో వెన్సెస్లాస్, హంగేరీ రాజు సిగిస్మండ్ ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలే, తల్లులు వేరు. సిగిస్మండ్ అన్నను బంధించి, అన్న పక్షాన నిలిచిన ఊళ్ల మీదికి సైన్యంతో వస్తాడు. అలా తగలబడిన స్కాలిట్జ్ అనే ఊరిలో కమ్మరి కొడుకు హెన్రీ, అతనే మనం. ఇందులో మంత్రాలు లేవు, రాక్షసులు లేరు, మన చేతిలో ఏ మహిమా లేదు. కత్తులు చేసే ఇంట్లో పుట్టాడు గానీ హెన్రీకి కత్తి తిప్పడం రాదు, చదవడం కూడా రాదు. ఆట మొదలయ్యేసరికి అతనికి ఎంత తెలుసో ఆడే మనకూ అంతే తెలుసు.

మొదటి కొట్లాట పిడికిళ్లతో. కునేష్ అనే తాగుబోతు హెన్రీ వాళ్ల నాన్న దగ్గర సామాను చేయించుకుని డబ్బులు ఇవ్వకుండా తిరుగుతుంటాడు, పోయి వసూలు చేసుకురా అంటాడు నాన్న. ఖాతా బాకీ అడగడానికి ఒకరి గుమ్మం ముందు నిలబడటం అంటే ఏంటో షాపు పెట్టుకున్న ప్రతివాడికీ తెలుసు కాబట్టి ఆ పని నాకు వెంటనే అర్థమైంది. పోయాను, అడిగాను, వాడు కొట్టాడు. మళ్లీ ఆడాను, మళ్లీ కొట్టాడు. నాలుగోసారి ఒక సంగతి కనిపించింది. నేను మౌస్ ఎంత వేగంగా నొక్కుతున్నానో అంత తొందరగా పడిపోతున్నాను.

మోటారు కాలిపోయి వస్తే వైండింగ్ నాసిరకం అనుకుంటారు చాలామంది. ఎక్కువసార్లు అది కాదు కారణం. లోపల ఇసుక పట్టేసో, బుష్ అరిగిపోయో, ఓల్టేజ్ పడిపోయో, లాగాల్సిన దానికంటే ఎక్కువ ఆంపియర్లు లాగి లాగి కాలుతుంది. టాంగ్ టెస్టర్ వైరుకు తగిలించి చూస్తేనే లోపల ఏం జరుగుతుందో తెలుస్తుంది. కునేష్ చేతిలో నాలుగోసారి పడ్డాక నేను కొట్టడం మానేసి స్క్రీన్ కింద ఉన్న గీతలనే చూస్తూ కూర్చున్నాను. ఒకటి ప్రాణం, ఒకటి స్టామినా. మా దిక్కు దాన్ని దమ్ము అంటాం, మెట్లెక్కితే దమ్మొచ్చింది అంటాం చూడండి, ఆ దమ్ము.

ఆట ఎక్కడా తీరుబడిగా కూర్చోబెట్టి చెప్పని సంగతి ఇది. దమ్ము ఇక్కడ చేసేది ఒక్క పని కాదు, కొట్టిన ప్రతి దెబ్బకూ, అడ్డుపెట్టిన ప్రతి దెబ్బకూ అందులోంచే పోతుంది, పరిగెత్తినా పోతుంది, ఇంతవరకు ఎవరైనా ఊహిస్తారు, ఊహించనిది ఏంటంటే ఎదుటివాడి దెబ్బ మన మీద పడినప్పుడు దాన్ని ముందు మోసేది కూడా ఆ దమ్మే. దమ్ము ఉన్నంతసేపు దెబ్బ దాని మీద పడుతుంది, అది అయిపోయాక నేరుగా ఒంటి మీద పడుతుంది. అంటే ఆవేశంగా అయిదారు దెబ్బలు వరసగా వేసినవాడు తన డాలును తనే కింద పడేసుకున్నట్టు. అక్కడితో అయిపోలేదు. ప్రాణం తగ్గిన కొద్దీ దమ్ము నిండే హద్దు కూడా తగ్గుతుంది. గాయపడినవాడు ఎంతసేపు ఆగినా మునుపటంత నిండడు. అందుకే ఈ ఆటలో ఒకసారి ఓడిపోవడం మొదలైతే అంత తొందరగా ఓడిపోతాం, మొదటి గాయం ఎవరికి అయిందన్నదే సగం కొట్లాట.

ఇది తెలిసిన రాత్రి నేను కునేష్‌ను మూడే దెబ్బలతో మొదలుపెట్టాను. రెండు కొట్టడం, వెనక్కి జరగడం, దమ్ము నిండేదాకా చేతులు అడ్డం పెట్టుకుని తిరగడం, మళ్లీ ఒకటి. వాడు ఊపిరి అందక చేతులు దించినప్పుడు మళ్లీ రెండు. బామ్మర్ది పక్కన కూర్చుని "బావ, నువ్వు కొడ్తలేవు, వాన్ని ఉరికిపిస్తున్నవ్" అన్నాడు. వాడు అన్నది నిజం. బాకీ వసూలైంది.

అక్కడి నుంచి నోట్‌బుక్ పద్ధతి మొదలైంది. షాపులో మోటారు ఆడకపోతే కెపాసిటర్, స్టార్టర్, కేబుల్ మూడూ ఒకేసారి మార్చేవాడికి జన్మలో రోగం తెలియదు. ఒక్కటి మార్చాలి, మిగతావి అలాగే ఉంచి చూడాలి. ఆటలో కూడా అదే చేశాను. ఒకరోజు కత్తి అదే, బట్టలు అవే, కడుపు మాత్రం పూర్తిగా నింపి పోయాను. ఆకలి గీత నూరు దాటేలా తింటే హెన్రీకి తిన్నది ఎక్కువై దమ్ము దెబ్బతింటుంది, చాలామంది కనిపించిన రొట్టెనల్లా తినేసి ఎందుకు ఓడిపోతున్నామో తెలియక తిరుగుతుంటారు. ఇంకోరోజు నిద్ర లేకుండా పోయాను. ఇంకోరోజు చేతిలో బలానికి మించిన కత్తి పట్టాను. ప్రతి ఆయుధానికీ ఇంత బలం, ఇంత చురుకుదనం ఉండాలని రాసి ఉంటుంది, మన దగ్గర అంత లేకపోయినా ఆట అడ్డుకోదు, చేతికి ఇస్తుంది, కానీ దెబ్బలో పస తగ్గిపోతుంది. మంచి కత్తి దొరికిందని సంతోషపడి దాన్నే పట్టుకు తిరిగి, పాత కత్తికంటే ఇదే చెత్తగా ఉందేంటని నేను రెండు రోజులు బాధపడ్డాను. కత్తి మంచిదే. హెన్రీ చెయ్యి ఇంకా దానికి రాలేదు.

ఈ ఆట మీద నాకు ఇష్టం కుదిరింది బెర్నార్డ్ దగ్గర. స్కాలిట్జ్ కాలిపోయాక హెన్రీ రట్టాయ్ అనే ఊరు చేరతాడు, అక్కడ కెప్టెన్ బెర్నార్డ్ కొత్తవాళ్లకు కత్తి నేర్పుతాడు. కథ కోసం ఒకసారి నేర్పి వదిలేస్తాడు, మనమూ మన దారిన కథ వెంట పోతాం. నేనూ అలాగే పోయి రెండు చోట్ల దొంగల చేతిలో చచ్చాను. తర్వాత తెలిసింది, బెర్నార్డ్ దగ్గరికి ఎప్పుడు పోయినా, ఎన్నిసార్లు పోయినా మనతో సాధన చేస్తాడు, చెక్క కత్తితోనైనా సరే, అసలు కత్తితోనైనా సరే. అక్కడ కొట్టినదానికీ అడ్డుకున్నదానికీ కూడా హెన్రీ చేతికి అనుభవం పెరుగుతుంది. ఇంకా ముఖ్యమైనది మాస్టర్ స్ట్రైక్, అది కూడా ఆయన నేర్పేదే. మన అంతట మనం పోయి అడిగితేనే నేర్పుతాడు. అడగకపోతే కథ ఆఖరుదాకా అది లేకుండానే ఆడొచ్చు, అలా ఆడి "ఈ ఆట కొట్లాట బాగాలేదు" అని పక్కన పెట్టినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

దాన్ని కొంచెం దగ్గరగా చెప్తాను, ఎందుకంటే నాకు అది పట్టుబడటానికి వారం పట్టింది. ఎదుటివాడు కత్తి ఎత్తి దించే క్షణంలో స్క్రీన్ మీద చిన్న ఆకుపచ్చ డాలు గుర్తు మెరుస్తుంది. ఆ మెరుపులో బ్లాక్ నొక్కితే పర్ఫెక్ట్ బ్లాక్. ముందే నొక్కి పట్టుకుని నిలబడితే అది మామూలు బ్లాక్, ప్రతి దెబ్బకూ దమ్ము కరుగుతూ పోతుంది. మాస్టర్ స్ట్రైక్ నేర్చుకున్నాక పర్ఫెక్ట్ బ్లాక్ సమయానికి పడితే హెన్రీ అడ్డుకోవడంతో ఆగకుండా తనే తిప్పి కొడతాడు, ఆ దెబ్బకు ఎదుటివాడి దగ్గర జవాబు ఉండదు. నాకు మాత్రం ఎంత జాగ్రత్తగా చూసినా ఎప్పుడూ పిసరంత ఆలస్యం అయ్యేది. కళ్లదే తప్పనుకున్నాను, వయసు అనుకున్నాను. ఒకరోజు కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఆడుతుంటే ల్యాప్‌టాప్ ఇంకా మెల్లగా నడిచి, ఆలస్యం ఇంకా పెరిగింది. అప్పుడు అర్థమైంది, గుర్తు మెరిసి నేను నొక్కేలోపు బొమ్మ తడబడుతోంది. నీడలు, గడ్డి, దూరంగా కనిపించే చెట్లు అన్నీ తక్కువలో పెట్టాను. అడవి అందం కొంచెం పోయింది గానీ మరుసటి రోజు బెర్నార్డ్‌ను వరసగా మూడుసార్లు అడ్డుకున్నాను. పాత ల్యాప్‌టాప్‌లో ఆడేవాళ్లు ముందు ఇది చూసుకోండి, మీ చేతుల్ని తిట్టుకోకముందు.

దిక్కుల సంగతి కూడా అక్కడే తెలిసింది. తెర మధ్యలో కనిపించే చుక్కకు అయిదు దిక్కులు ఉంటాయి, పొడవడం ఆరోది. ఎదుటివాడి కత్తి ఎటు పట్టుకున్నాడో చూసి ఖాళీగా ఉన్న పక్కకు మన దిక్కు తిప్పుకోవాలి. కొన్ని దిక్కుల్ని ఒక వరసలో కొడితే కాంబో అవుతుంది, పేరుకు చాలా ఉన్నాయి, నేర్చుకోవడానికి బాగుంటాయి. నిజం చెప్పాలంటే గట్టివాడు ఎదురైతే మూడు దెబ్బలు పూర్తి కానివ్వడు, వాడికీ మాస్టర్ స్ట్రైక్ తెలుసు. నేను కాంబోల పేజీ రాసి ఆపేశాను.

కత్తి పదును గురించి చెప్పాలి. మా ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గరికి చిన్నప్పుడు వరికోతల ముందు కొడవళ్లు మూటగట్టుకుని పోయేవాణ్ని, కక్కు కొట్టించడానికి. కక్కు అంటే కొడవలి అంచుకు ఉండే సన్నని పళ్లు, అవి అరిగితే వరి కోసుకోదు, లాగితే మొదలుతో సహా ఊడి వస్తుంది. ఆయన ఉలి పెట్టి చిన్న సుత్తితో టక్ టక్ మని ఒక్కో పన్నూ కొట్టుకుంటూ పోయేవాడు, అన్నీ ఒకే ఏటవాలు, ఒక్కటి నిలువుగా పడ్డా తీసి పక్కన పెట్టేవాడు. ఆటలో సానరాయి దగ్గర కూర్చున్నప్పుడు నాకు ఆయన చేతులే గుర్తొచ్చాయి. తొక్కుతూ రాయిని తిప్పాలి, కత్తిని దాని మీద ఆనించి కోణం మనమే సరిచూసుకోవాలి. సరైన కోణంలో ఉంటే నిప్పురవ్వలు సన్నగా ఒక్క వరసలో లేస్తాయి, చప్పుడు కూడా ఒకే తీరుగా ఉంటుంది. కోణం తప్పితే రవ్వలు ఆగిపోతాయి, ఇంకా అలాగే నొక్కి పెడితే పదును రాకపోగా కత్తి పాడవుతుంది. మొదట నేను కళ్లతో రవ్వలు చూస్తూ చేసేవాణ్ని. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుని చప్పుడు వింటూ చేశాను, అదే నయం. బేరింగ్ పోయిన మోటారును కూడా చూసి చెప్పం, విని చెప్తాం.

రోజూ పదును పెట్టిన కత్తికీ, నాలుగు కొట్లాటల తర్వాత కూడా పట్టించుకోని కత్తికీ దెబ్బలో చాలా తేడా ఉంటుంది. గదకు మాత్రం ఈ బాధ లేదు, దానికి పదునే ఉండదు, పాడైతే బాగుచేయించుకోవడమే.

గద అన్నాను కాబట్టి కవచాల సంగతికి వస్తాను, నాకు ఆటలో అన్నిటికంటే నచ్చినది ఇదే. ఒంటి మీద ఒక్క చొక్కా వేసుకున్నట్టు కాదు ఇక్కడ, పొర మీద పొర. లోపల గుడ్డ, దాని మీద గ్యాంబెసన్, దాని మీద ఇనుప రింగుల చొక్కా, దాని మీద రేకు కవచం. గ్యాంబెసన్ అంటే ఏంటని బామ్మర్ది అడిగితే ఒక్క ముక్కలో చెప్పాను, అది మనింటి బొంత అని. పాత చీరలు ఏడెనిమిది మడతలు వేసి అమ్మ దూరం దూరం కుట్లతో కుట్టిన బొంతను ఒంటికి చొక్కాలా వేసుకుంటే అదే గ్యాంబెసన్. తలకు కూడా అంతే, ముందు దూది కుల్లా, దాని మీద రింగుల ముసుగు, దాని మీద శిరస్త్రాణం. నేను మొదట్లో లోపలి కుల్లా కొనకుండా పైన శిరస్త్రాణం ఒక్కటే పెట్టుకుని తిరిగాను, ఖర్చు మిగిలిందనుకుని. గద దెబ్బ తల మీద పడినప్పుడు ఎంత పోయిందో చూశాక ఆ కుల్లా కొన్నాను.

ఆయుధం మీద మూడు రకాల దెబ్బలు విడివిడిగా రాసి ఉంటాయి: కోత, పోటు, మోదుడు. కవచం మీద కూడా ఆ మూడింటికీ విడివిడి లెక్కలే. రింగుల చొక్కా కోతను బాగా ఆపుతుంది. రేకు కవచం మీద కత్తి అంచు జారిపోతుంది. అక్కడ గద కావాలి, గద రేకును కోయదు, రేకు వెనక ఉన్న మనిషిని మోదుతుంది. నా నోట్‌బుక్‌లో దీనికి ఆరు పేజీలు ఉన్నాయి. ఒకే చోట ఉండే దొంగల గుంపు దగ్గరికి సేవ్ పెట్టుకుని పోయి, ఒకసారి కత్తితో, ఒకసారి గదతో, ఒకసారి గొడ్డలితో అదే రేకు చొక్కావాడితో కొట్లాడి ఎన్ని దెబ్బలకు పడ్డాడో గీతలు గీసుకున్నాను. గదకు గీతలు బాగా తక్కువ. బామ్మర్ది ఫోన్లో "గట్లెట్ల, గద పొట్టిది గద బావ" అన్నాడు. పొట్టిదే, అందుకే దగ్గరికి పోవాలి, దగ్గరికి పోతే క్లించ్ పడుతుంది, అంటే ఇద్దరూ ఆయుధాలు ఒరుసుకుని ఒకర్ని ఒకరు తోసుకోవడం, అందులో బలం ఉన్నవాడిదే పైచేయి. ఒక సంగతి తెలుసుకోబోతే దాని వెనక ఇంకోటి బయటపడుతుంది ఈ ఆటలో.

ఇవన్నీ ఆట కోసం అల్లినవి కావు, అసలు చరిత్రలోనివే. జర్మన్ నేలల్లో 14వ శతాబ్దంలో యోహాన్నెస్ లీష్టెనావర్ అని ఒక కత్తి గురువు ఉండేవాడు, ఆయన విద్య తర్వాతి వాళ్లు రాసిన చేతిరాత పుస్తకాల్లో మిగిలింది. అందులో ప్రత్యేకంగా చెప్పిన అయిదు దెబ్బలున్నాయి, వాటిని మాస్టర్ దెబ్బలనే అంటారు, ఎదుటివాడి దెబ్బను ఆపుతూనే వాణ్ని కొట్టడం వాటిలోని కిటుకు. హాన్స్ టాల్‌హోఫర్ అనే ఇంకో గురువు 1467 పుస్తకంలో బొమ్మలు కూడా ఉన్నాయి, కవచం తొడుక్కున్నవాడు కత్తిని తిరగేసి, రెండు చేతులతో అంచునే పట్టుకుని, పిడితో ఎదుటివాడి తల మీద మోదుతుంటాడు. రేకు మీద అంచు పనిచేయదని వాళ్లకు తెలుసు కాబట్టి కత్తినే గదలా వాడారు. ఇంకోటి, ఆ పొడవాటి కత్తులు సినిమాల్లో చూపించినట్టు పది కిలోలు ఉండవు, చాలావాటి బరువు కిలోన్నర అటూ ఇటూ. నిండు రేకు కవచం ఇరవై, ఇరవై అయిదు కిలోలు ఉంటుంది, అంటే అరబస్తా సిమెంటు, కాకపోతే ఒళ్లంతా పంచుకున్న బరువు కాబట్టి లేచి పరిగెత్తొచ్చు. ఆటలో బరువు పెరిగితే వేగం తగ్గుతుంది, మోయగలిగిన హద్దు దాటితే అసలు పరిగెత్తలేం. ముఖం మూసే శిరస్త్రాణం పెట్టుకుంటే తెర మీద సన్నని చీలిక మాత్రమే మిగులుతుంది, దాంట్లోంచే చూడాలి. నేను బాణాలు వేసేటప్పుడు అది తీసేస్తాను. బాణానికి గురి చుక్క కూడా ఉండదు, లాగి పట్టుకుంటే దమ్ము కరుగుతుంది, చెయ్యి ఊగుతుంది. బాణం గురించి ఇంతకంటే రాయడానికి నా దగ్గర ఏం లేదు, అది ఇంకా నాకు రాలేదు.

నేను అంతకుముందు ఆడిన కత్తుల ఆట మౌంట్ అండ్ బ్లేడ్: వార్‌బ్యాండ్, 2010లో వచ్చింది. అందులో దాగిన లెక్క వేగం. గుర్రం మీద ఎదురుగా దూసుకొస్తూ కొడితే దెబ్బ బలం పెరుగుతుంది, వెనక్కి పోతూ కొడితే తగ్గుతుంది. అది అలవాటై ఇక్కడ కూడా ముందుకు దూకి దూకి కొట్టేవాణ్ని. ఈ ఆటకు దాన్ని మరిచిపోవాల్సి వచ్చింది.

ఒకడికంటే ఎక్కువమంది వస్తే ఏం చేయాలన్నది మాత్రం నాకు ఆట నేర్పలేదు, మా ఊళ్లో పీర్ల పండుగ నేర్పింది. చిన్నప్పుడు అలావా చుట్టూ పెద్దవాళ్లు కర్రసాము చేసేవాళ్లు, ఇద్దరు ముగ్గురు ఒక్కడి మీదికి వస్తారు. ఆ ఒక్కడు నిలబడి కొట్టడు, చుట్టూ తిరుగుతూనే ఉంటాడు, వచ్చేవాళ్లు ఒకరి వెనక ఒకరు పడేలా. పక్కపక్కన నిలబడనిస్తే అయిపోయాడు. ఆటలో ముగ్గురు దొంగలు ఎదురైతే నేను ముందు వెనక్కే నడుస్తాను. ఇరుకు దారిలోకో, కంచె సందులోకో పోతే వాళ్లు వరసలోకి వస్తారు, ముందున్నవాడి కత్తి ఒక్కటే నాకు అందుతుంది, మిగతావాళ్లు వాడి వెనక తచ్చాడతారు. వీపు వెనక ఒక్కడున్నా వాడి దెబ్బను బ్లాక్ చేయడం కుదరదు. నలుగురైతే గుర్రం ఎక్కి పోవడమే, ఆ కాలంలో బతికినవాళ్లు కూడా అదే చేసి ఉంటారు. ఈ ఆటలో ఎక్కడ పడితే అక్కడ సేవ్ చేసుకోలేం, సేవియర్ ష్నాప్స్ అనే మందు తాగాలి లేదా మన మంచం మీద పడుకోవాలి, కాబట్టి పారిపోవాలా వద్దా అన్న ఆలోచన నిజంగా వస్తుంది, గుండె కొట్టుకుంటుంది.

కొట్లాటతో సంబంధం లేని ఒక్కటి చెప్పకుండా ఉండలేను. హెన్రీకి చదువు రాదన్నాను కదా, పుస్తకం తెరిస్తే అక్షరాలు అటూ ఇటూ కలిసిపోయి కనిపిస్తాయి, ఒక్క మాట కూడా కుదురుగా ఉండదు. ఉజిట్జ్ అనే ఊళ్లో రాతగాడి దగ్గర నేర్చుకుంటే నెమ్మదిగా కొన్ని మాటలు సరిపడతాయి, ఇంకా కొన్ని తారుమారుగానే ఉంటాయి. మా అమ్మ రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది, బస్సు బోర్డు మీద దేవరకొండ అన్న పేరు పూర్తిగా చదివిన రోజు ఇంటికొచ్చి అందరికీ చెప్పింది. ఆ పుస్తకం పేజీ చూపిస్తే "మొదట్ల నాగ్గూడ గిట్లనే కనవడేది" అంది.

దేవరకొండ దిక్కు పోయినప్పుడల్లా ఈ మధ్య ఒక ఆలోచన వస్తోంది. ఆటలో కథ నడిచే 1403లో మన దగ్గర రాచకొండ, దేవరకొండ కోటలు రేచర్ల పద్మనాయకుల చేతిలో ఉన్నాయి, అటు గుల్బర్గాలో బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా, ఇటు దక్షిణాన విజయనగరం. ఆ కొండల మీద కాపలా ఉన్నవాడు కూడా ఒంటి మీద ఏం తొడుక్కోవాలి, ఎండలో ఎంత బరువు మోయాలి, కత్తి ఎవరి దగ్గర సానపట్టించాలి అనే చూసుకుని ఉంటాడు. మే నెలలో ఆ బండల మీద ఇరవై కిలోల ఇనుము ఎవరు మోస్తారు? ఊరి బయట వీరగల్లు మీద చెక్కిన మనిషికి చేతిలో కత్తి, డాలు తప్ప ఒంటి మీద పెద్దగా ఏమీ ఉండదు. నేను ముందెప్పుడూ దాని ముందు అంతసేపు ఆగలేదు. ఇప్పుడు ఆగి వాడి కాళ్లు ఎలా పెట్టాడో, డాలు ఏ ఎత్తులో పట్టాడో చూశాను. ఎడమ కాలు ముందు, డాలు గుండె ఎత్తున.

ఇదే ఆటకు రెండో భాగం 2025 ఫిబ్రవరిలో వచ్చింది. ఈ ల్యాప్‌టాప్ దాన్ని లాగలేదు, బామ్మర్ది గదికి పోయినప్పుడు వాళ్ల ఫ్రెండ్ కంప్యూటర్ మీద రెండు గంటలు ఆడాను. అందులో హెన్రీ కొలిమిలో కూర్చుని కత్తి తనే చేస్తాడు, ఇనుమును తిప్పి తిప్పి అంతటా ఒకేలా కాల్చాలి, చల్లారకముందే సుత్తి దెబ్బలు వరసగా వేయాలి, లయ కుదిరితే హెన్రీ ఈల వేస్తాడు. ఆ రెండు గంటల్లో గంటన్నర నేను కొలిమి దగ్గరే ఉన్నాను.

చివరగా రంట్. హెన్రీ అమ్మానాన్నలను పాతిపెట్టుకోవడానికి కాలిపోయిన ఊరికి తిరిగి పోయినప్పుడు అతన్ని కొట్టి, నాన్న చేసిన కత్తి లాక్కుపోయిన దొంగ వాడు. చాలా రోజుల తర్వాత ప్రిబిస్లావిట్జ్‌లో, పాడుబడ్డ చర్చి లోపల వాడు మళ్లీ ఎదురవుతాడు. నేను రెండు వారాలు ఆ కథ ముందుకు నడపకుండా ఆగి, బెర్నార్డ్ దగ్గరే రోజూ సాధన చేసి పోయాను. కడుపు సగమే నింపుకున్నాను, నిద్ర పూర్తిగా పట్టాను, కత్తికి ముందు రోజే సాన పట్టాను, గద నడుముకు ఉంది. మొదటి నిమిషం ఒక్క దెబ్బ కూడా వేయలేదు. వాడు కొట్టాడు, అడ్డుకున్నాను, వెనక్కి జరిగాను. మళ్లీ కొట్టాడు. ఆకుపచ్చ గుర్తు మెరిసింది, నొక్కాను, హెన్రీ తిప్పి కొట్టాడు. వాడి దమ్ము నాకు కనిపించదు గానీ భుజాలు కుంగడం కనిపించింది, అప్పుడు గద తీశాను. వాడు పడేసరికి నా అరచేతులు చెమటతో జారుతున్నాయి, మౌస్ వదిలి చొక్కాకు తుడుచుకున్నాను. కత్తి తీసి చూస్తే పదును సగం పోయింది. ఊళ్లోకి వచ్చి సానరాయి ముందు కూర్చుని హెడ్‌ఫోన్ సరిచేసుకుంటుండగా, బయట షాపు ముందు ట్రాలీ ఆటో వచ్చి ఆగి హారన్ కొట్టింది. తెల్లారింది.